ఎన్‌కోడర్ సిగ్నల్ చూడ్డానికి ఏది కొనాలి: మల్టీమీటరా, లాజిక్ ఎనలైజరా, ఆసిలోస్కోపా?

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో మెయింటెనెన్స్ పనిలో ఉన్న మనవాళ్లు, ముఖ్యంగా హిందూపురం, అనంతపురం వైపు నుంచి వచ్చి కొత్తగా చేరిన కుర్రాళ్లు తరచూ అడిగే మాట: "అన్నా, ఎన్‌కోడర్ చెక్ చేసేదానికి ఎన్ని మెగాహెర్ట్జ్ స్కోప్ తీసుకోవాల?" ఎన్‌కోడర్ అంటే షాఫ్టు ఎంత తిరిగిందో పల్సుల రూపంలో చెప్పే పరికరం. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్‌పీ రోడ్డులో కౌంటర్ దగ్గర నిలబడితే షాపువాళ్లు కూడా మెగాహెర్ట్జ్‌తోనే మొదలుపెడతారు. ధర పెరిగేది దాన్ని బట్టే కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. మన పనికి మాత్రం ఆ లెక్క చివర్లో చూసుకోవాల్సింది. ముందు ఎన్ని ఛానెళ్లు, ఎంతసేపు రికార్డు చేయగలదు, గ్రౌండ్ సంగతేమిటి అన్నవి తేల్చుకోవాలి.

ఎందుకంటే ఎన్‌కోడర్ అంత వేగమైన వస్తువేమీ కాదు. రౌండుకు 1024 పల్సులిచ్చే ఎన్‌కోడర్ 3000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే 1024ని 3000తో గుణించి 60తో భాగించండి: 51,200 వస్తుంది, అంటే 51.2 కిలోహెర్ట్జ్. సర్వో మోటర్ల మీద కనిపించే 2500 పల్సుల ఎన్‌కోడర్ అదే వేగంలో 125 కిలోహెర్ట్జ్. అంచులు నిటారుగా ఉంటాయి కాబట్టి దీనికి చాలా రెట్లు ఎక్కువ బ్యాండ్‌విడ్త్ (స్కోప్ మీద రాసే ఆ మెగాహెర్ట్జ్ లెక్క) కావాలన్నది నిజమే. అయినా 20 మెగాహెర్ట్జ్ స్కోపు సొంత రైజ్ టైమ్ (అంచు కింది నుంచి పైకి ఎక్కినట్టు చూపడానికి పట్టే సమయం) సుమారు 17.5 నానోసెకన్లు, 50 మెగాహెర్ట్జ్‌ది 7. ఎన్‌కోడర్ అంచు ఎలా ఉందో చూడ్డానికి ఇవి చాలు. ఎన్‌కోడర్ కోసమే అయితే 200 మెగాహెర్ట్జ్ మోడల్‌కు డబ్బు పోయడం అనవసరం.

ముందు లేబుల్ చదవండి

పరికరం ఎంచుకునే ముందు ఎన్‌కోడర్ ఔట్‌పుట్ ఏ రకమో తెలియాలి. ప్యానెల్ మీద చేత్తో తిప్పే ఈసీ11 లాంటి నాబ్ ఒక రకం. లోపల మామూలు కాంటాక్టులే ఉంటాయి, వోల్టేజీ మనమే పుల్-అప్ రెసిస్టర్‌తో (సిగ్నల్ వైరును సప్లైకి కలిపే రెసిస్టర్) ఇవ్వాలి. మెషీన్ల మీద వచ్చేవాటిలో ఓపెన్ కలెక్టర్ (సిగ్నల్‌ను కిందికి మాత్రమే లాగుతుంది, పైకి లేపడానికి పుల్-అప్ కావాలి), 10 నుంచి 30 వోల్టుల పుష్-పుల్ (రెండు వైపులా తనే లాగుతుంది), 5 వోల్టుల లైన్ డ్రైవర్ ఎక్కువ. లైన్ డ్రైవర్‌నే ఆర్‌ఎస్-422 అని కూడా రాస్తారు. ప్రతి ఫేజుకూ (సిగ్నల్ లైనుకూ) దాని ఉల్టా సిగ్నల్ కూడా తోడు వస్తుంది కాబట్టి వైర్ల సంఖ్య చూస్తేనే అర్థమైపోతుంది. స్పిండిళ్లలో, మంచి స్కేళ్లలో ఒక వోల్టు పీక్-టు-పీక్ సైన్-కొసైన్ రకం తగులుతుంది, అది చతురస్రపు పల్సులకు బదులు నున్నని అలలిస్తుంది.

ఒకే మోడల్లో కూడా ఈ తేడాలుంటాయి. మన దగ్గర విరివిగా కనిపించే ఓమ్రాన్ ఈ6బీ2 సిరీస్‌లో చివర 6సీ ఉంటే ఓపెన్ కలెక్టర్, 1ఎక్స్ ఉంటే లైన్ డ్రైవర్. బయటి డబ్బా చూస్తే రెండూ ఒకటే.

ఇంకో సంగతి. కొత్త సర్వోల్లో చాలావరకు ఎన్‌కోడర్ సీరియల్ డేటా పంపుతుంది. అందులో ఏ-ఫేజ్, బీ-ఫేజ్ కోసం వెతికి ప్రయోజనం లేదు. స్కోప్ పెడితే డేటా కదులుతోందా లేదా అన్నది మాత్రం తెలుస్తుంది, పొజిషన్ సంగతి డ్రైవ్ (మోటర్‌ను నడిపే కంట్రోలర్) స్క్రీన్ మీదే చూసుకోవాలి. ఈ వ్యాసం ఏ, బీ, జెడ్ ఫేజులుండే ఇంక్రిమెంటల్ రకం గురించే. ఏ, బీ అంటే ఒకదానికొకటి పావు పీరియడ్, అంటే 90 డిగ్రీల కోణం తేడాతో వచ్చే పల్సు సిగ్నళ్లు; జెడ్ అంటే రౌండుకు ఒక్కసారే వచ్చే పల్సు.

మల్టీమీటర్‌తో ఎంత దూరం పోవచ్చు

అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువే. మొదట సప్లై చూడండి, అదీ ప్యానెల్ దగ్గర కాదు, ఎన్‌కోడర్ కనెక్టర్ దగ్గర. 5 వోల్టుల ఎన్‌కోడర్లు చాలావరకు 5 శాతం, మహా అయితే 10 శాతం తేడానే ఓర్చుకుంటాయి. పొడుగు కేబుల్లో వోల్టేజీ పడిపోయి అవతల 4.6 వస్తుంటే మీరు స్కోప్ తీయక్కర్లేదు, జబ్బు దొరికినట్టే.

తర్వాత షాఫ్టును చేత్తో మెల్లగా కదిపితే మీటర్లో హై, లో మారుతూ కనిపించాలి. మోటర్ స్థిరమైన వేగంలో తిరుగుతుంటే డీసీ రేంజిలో మీటర్ సగటు చూపిస్తుంది, అది హై-లోలకు సుమారు మధ్యన ఉండాలి. ఏ-ఫేజ్ 2.4 చూపించి బీ-ఫేజ్ 0.3 దగ్గరే ఉండిపోతే బీ-ఫేజ్ చచ్చినట్టే. పల్సులు మధ్యమధ్యలో ఎగిరిపోవడం, రెండు ఫేజుల మధ్య కోణం తప్పడం మాత్రం మీటర్ జన్మలో చూపించదు.

లాజిక్ ఎనలైజర్: చవకే, కానీ చిన్నచూపు చూడకండి

ఎనిమిది ఛానెళ్ల 24 మెగాహెర్ట్జ్ యూఎస్‌బీ ఎనలైజర్ సాధారణంగా వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ల్యాప్‌టాప్‌లో ఉచిత సాఫ్ట్‌వేర్ పల్స్‌వ్యూ వేసుకుంటే చాలు. 24 మెగాహెర్ట్జ్ అంటే ప్రతి 42 నానోసెకన్లకు ఒక శాంపిల్. 125 కిలోహెర్ట్జ్ సిగ్నల్లో ఏ, బీ అంచుల మధ్య ఉండే గ్యాప్ 2 మైక్రోసెకన్లు. ఆ కాస్త చోట్లో నలభై ఎనిమిది శాంపిళ్లు పడతాయి, కాబట్టి కోణం కొలవడానికీ లోటు లేదు.

దీని అసలు బలం లెక్కపెట్టడంలో ఉంది. "పొజిషన్ మెల్లగా జరిగిపోతోంది, అరగంటకోసారి హోమింగ్ చేయాల్సి వస్తోంది" అన్న కంప్లయింటు తీసుకోండి (హోమింగ్ అంటే మెషీన్‌ను మళ్లీ సున్నా స్థానానికి తేవడం). స్కోప్ స్క్రీన్ మీద చూస్తే వేవ్‌ఫారం ముత్యంలా ఉంటుంది. కానీ వేలల్లో ఒక పల్సు పోతుంటే ఆ పోయినది మీరు చూస్తున్న స్క్రీన్లోనే పడాలని రూలేమీ లేదు. ఏ, బీ, జెడ్ మూడూ ఎనలైజర్‌కు కలిపి, శాంపిల్ రేటు 4 మెగాహెర్ట్జ్‌కు తగ్గించి, మెషీన్ ఒకే దిశలో తిరుగుతుండగా కొన్ని నిమిషాలు రికార్డు చేయండి. తర్వాత ఒక జెడ్ నుంచి తర్వాతి జెడ్ వరకు ఏ-ఫేజ్ పల్సులు లెక్కించండి. 1024 ఎన్‌కోడర్ అయితే ప్రతి రౌండుకూ 1024 ఉండాలి. పల్స్‌వ్యూలో రోటరీ ఎన్‌కోడర్ కోసం గ్రే కోడ్ డీకోడర్ ఉంది, అదే కౌంటు వేసుకుంటూ పోతుంది.

ఒక రౌండులో 1023, ఇంకో రౌండులో 1026 వస్తుంటే సిగ్నల్లో లోపం ఉన్నట్టు: ఎన్‌కోడర్ లోపలి గీతల డిస్కు మీద మరక, కేబుల్లో నాయిస్, కనెక్టర్లో లూజు పిన్ను. ప్రతి రౌండుకూ కచ్చితంగా 1024 వస్తున్నా పొజిషన్ జరుగుతోందంటే ఎన్‌కోడర్‌ను వదిలేసి కప్లింగ్ (రెండు షాఫ్టులను కలిపే ముక్క) స్క్రూలు చూడండి, షాఫ్టు జారుతూ ఉంటుంది. కొత్త ఎన్‌కోడర్‌కు పర్చేజ్ ఆర్డర్ పెట్టేముందు ఈ ఒక్క పరీక్ష చేస్తే చాలా ఖర్చు తప్పుతుంది.

ఇక దీని లోపాలు. ఒకటి, ఇది 0, 1 తప్ప ఇంకేమీ చూడదు. ఈ చవక ఎనలైజర్లలో ఉండే చిప్పుకు 0.8 వోల్టుల కింద లో, 2 వోల్టుల పైన హై. 5 వోల్టులు రావాల్సిన చోట 2.2 వస్తున్నా అది నిటారైన చతురస్రమే గీసి చూపిస్తుంది. రెండు, ఇన్‌పుట్‌కు 5 వోల్టులు దాటితే కాలిపోతుంది. 24 వోల్టుల పుష్-పుల్ ఎన్‌కోడర్‌ను నేరుగా కలపకూడదు. సిగ్నల్ వైపు 10 కిలో ఓమ్స్, గ్రౌండ్ వైపు 2.2 కిలో ఓమ్స్ పెట్టి డివైడర్ చేస్తే 24 కాస్తా 4.3కు దిగుతుంది.

మూడోది గ్రౌండ్. ఎనలైజర్ గ్రౌండ్ అంటే ల్యాప్‌టాప్ గ్రౌండే. మెషీన్ దగ్గర ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి. యూఎస్‌బీ ఐసొలేటర్ (రెండు వైపుల గ్రౌండ్‌లను విడదీసేది) కొంటే ఇంకా మంచిదని చెబుతారు. చెప్పేవాళ్లు చెప్పనిది ఏమిటంటే, చవకగా దొరికే ఏడీయూఎం4160 రకం ఐసొలేటర్లు సెకనుకు 12 మెగాబిట్లు దాటవు. ఎనలైజర్‌కు 480 మెగాబిట్ల హై-స్పీడ్ లింకు కావాలి. రెండూ కొని, కలిపితే పనిచేయలేదని తలపట్టుకోవద్దు.

స్కోప్ లేకుండా కుదరని చోట్లు

వేవ్‌ఫారం ఆకారం చూడాల్సి వచ్చినప్పుడు స్కోప్‌కు ప్రత్యామ్నాయం లేదు. ఒక ఉదాహరణ వివరంగా చూద్దాం. 5 వోల్టుల మీద నడిచే ఓపెన్ కలెక్టర్ ఎన్‌కోడర్, 4.7 కిలో ఓమ్స్ పుల్-అప్, మధ్యలో 20 మీటర్ల కేబుల్. మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు అనుకుంటే మొత్తం 2 నానోఫారడ్లు. రెసిస్టర్‌తో గుణిస్తే టైమ్ కాన్‌స్టెంట్ (సిగ్నల్ దాదాపు మూడింట రెండు వంతులు ఎక్కడానికి పట్టే సమయం) 9.4 మైక్రోసెకన్లు. 51.2 కిలోహెర్ట్జ్ దగ్గర పల్సు హైలో ఉండే సమయమే 9.8 మైక్రోసెకన్లు. అంటే సిగ్నల్ పైకి చేరకముందే కిందికి పడిపోతుంది. స్కోప్‌లో అది సొరచేప రెక్కలా కనిపిస్తుంది: ఎక్కేటప్పుడు వంపు, దిగేటప్పుడు కత్తితో కోసినట్టు. మోటర్ మెల్లగా తిరిగినప్పుడు అంతా సవ్యంగా ఉండి, స్పీడు పెంచగానే కౌంటు తప్పే కేసుల్లో నేను ముందు అనుమానించేది దీన్నే. పుల్-అప్‌ను 1 కిలో ఓమ్‌కు దించితే టైమ్ కాన్‌స్టెంట్ 2 మైక్రోసెకన్లకు వస్తుంది. అప్పుడు ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ 5 మిల్లీయాంపులు లాగాల్సి ఉంటుంది, డేటాషీట్లో అది సరిపోతుందో లేదో చూసి మార్చండి. ఇదే కేసులో లాజిక్ ఎనలైజర్ పెడితే పల్సు వెడల్పు తేడాగా ఉందని మాత్రం చూపిస్తుంది, ఎందుకో చెప్పదు.

కోణం కొలవడం తేలిక. ఏ-ఫేజ్ ఛానెల్ 1కి, బీ-ఫేజ్ ఛానెల్ 2కి, ప్రోబులు రెండూ 10ఎక్స్ మీద. ట్రిగ్గర్ (స్క్రీన్ ఎక్కడి నుంచి గీయాలో చెప్పే సెట్టింగు) ఏ-ఫేజ్ ఎక్కే అంచు మీద, లెవెల్ మధ్యలో. కర్సర్లతో ఏ అంచు నుంచి బీ అంచు వరకు సమయం కొలిచి, పూర్తి పీరియడ్‌తో భాగించి, 360తో గుణించండి. 90 రావాలి. అచ్చంగా 90 రాలేదని కంగారు పడకండి, ఈ6బీ2 డేటాషీటే 90కి అటూ ఇటూ 45 డిగ్రీలు ఒప్పుకుంటుంది. నన్నడిగితే కొలిచిన సంఖ్యకంటే అది కదులుతోందా లేదా అన్నదే ముఖ్యం. పర్సిస్టెన్స్ (పాత గీతలు స్క్రీన్ మీద నిలిచిపోయే సెట్టింగు) ఆన్ చేసి మోటర్ స్థిరంగా తిప్పండి. బీ అంచు ఒక గీతలా నిలబడితే మంచిది. మందంగా పూసినట్టు అయితే డిస్కో, బేరింగో, కప్లింగో తేడాగా ఉంది. అలా చూస్తూనే కేబుల్‌ను కనెక్టర్ దగ్గర నుంచి చేత్తో కొంచెం కొంచెంగా వంచుతూ పోండి. సన్నని ముళ్లు కనబడాలంటే పీక్ డిటెక్ట్ మోడ్ పెట్టాలి, మామూలు మోడ్‌లో టైమ్‌బేస్ పెద్దదిగా ఉన్నప్పుడు అవి శాంపిళ్ల మధ్య జారిపోతాయి.

సైన్-కొసైన్ ఎన్‌కోడర్ అయితే చర్చే లేదు, స్కోప్ కావాల్సిందే. ఎక్స్-వై మోడ్‌లో పెట్టి షాఫ్టు తిప్పితే గుండ్రని వలయం రావాలి. వలయం మధ్య నుంచి జరిగితే ఆఫ్‌సెట్, నిలువుగానో అడ్డంగానో సాగితే రెండు సిగ్నళ్ల ఎత్తు తేడా, ఏటవాలుగా సాగితే కోణం తేడా. ఆయిల్ మిస్టు పట్టిన స్కేల్ తుడవకముందు, తుడిచాక ఈ వలయాన్ని పోల్చి చూస్తే సర్వీసు పని ఫలించిందో లేదో కంటికే తెలిసిపోతుంది.

రెండు ఛానెళ్లా, నాలుగా

ఒకే ఛానెల్ ఉన్న స్కోప్ ఈ పనికి వద్దు. డీఎస్‌ఓ138 కిట్టు సోల్డరింగ్ నేర్చుకోవడానికి మంచిదే గానీ దాని బ్యాండ్‌విడ్త్ 200 కిలోహెర్ట్జ్, ఛానెల్ ఒకటే. ఏ-బీల మధ్య సంబంధం చూడటమే మన పని అయినప్పుడు ఒక్క సిగ్నల్ చూసి ఏం చేస్తాం?

రెండు ఛానెళ్లతో తొంభై శాతం పని అయిపోతుంది. జెడ్ కూడా చూడాలంటే ఒక కిటుకు ఉంది: జెడ్-ఫేజును ఎక్స్‌టర్నల్ ట్రిగ్గర్ ఇన్‌పుట్‌కు ఇవ్వండి, ఏ, బీలను రెండు ఛానెళ్లకు. అప్పుడు ప్రతి రౌండులో ఒకే చోట స్క్రీన్ ఆగుతుంది. జెడ్ ఏ పల్సు పక్కన వస్తోందో, హోమింగ్ ఒక్కోసారి ఒక పల్సు అటూ ఇటూ ఎందుకు దూకుతోందో దీంతో పట్టుకోవచ్చు. కొనేముందు ఎక్స్‌టర్నల్ ట్రిగ్గర్ సాకెట్ ఉందో లేదో చూసుకోండి.

లైన్ డ్రైవర్ ఎన్‌కోడర్లు ఎక్కువగా చూసేవాళ్లకు మాత్రం రిగాల్ డీఎస్1054జెడ్ లాంటి నాలుగు ఛానెళ్ల 50 మెగాహెర్ట్జ్ స్కోప్ డబ్బుకు తగ్గ వస్తువు. ఏ, ఏ-బార్ (ఏకి ఉల్టా సిగ్నల్) ఒక జత, బీ, బీ-బార్ ఒక జత. స్కోప్ మ్యాథ్ ఫంక్షన్‌లో ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే డ్రైవ్ నిజంగా చూస్తున్న సిగ్నల్ వస్తుంది. ఒక వైరు తెగితే మామూలుగా చూసినప్పుడు పల్సులు ఉన్నట్టే ఉంటాయి, తీసివేతలో ఎత్తు సగానికో, ఇంకా తక్కువకో పడిపోతుంది. రిసీవర్‌కు 200 మిల్లీవోల్టుల తేడా చాలు కాబట్టి మెషీన్ ఒక్కోసారి ఏదోలా నడుస్తూనే ఉంటుంది, పక్కన కాంటాక్టర్ పడ్డప్పుడే అలారం ఇస్తుంది. అంచుల మీద పెద్ద రింగింగ్ (ఊగులాట) కనిపిస్తే రిసీవర్ దగ్గర 120 ఓమ్స్ టెర్మినేషన్ (లైను చివర పెట్టే రెసిస్టర్) ఉందో లేదో చూడండి.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. బెంచ్ స్కోప్‌లో అన్ని ఛానెళ్ల గ్రౌండ్ క్లిప్పులూ లోపల ఒకటే, అవి నేరుగా మెయిన్స్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. డిఫరెన్షియల్ సిగ్నల్ చూడాలని క్లిప్పును ఏ-బార్‌కు తగిలిస్తే దాన్ని ఎర్త్‌కు షార్ట్ చేసినట్టే. క్లిప్పులు సిగ్నల్ కామన్‌కే, అది కూడా ఎర్త్‌తో పోలిస్తే ఎంత వోల్టేజీలో ఉందో మీటర్‌తో చూశాకే. కొంతమంది స్కోప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసి పని కానిచ్చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. డ్రైవ్ వైపు ఏదైనా తేడా వస్తే స్కోప్ బాడీ మొత్తం లైవ్ అవుతుంది. ఫ్లోటింగ్ కొలతలు తరచూ అవసరమయ్యేవాళ్లకు ఇన్‌పుట్లు ఐసొలేట్ చేసిన ఫ్లూక్ 190 సిరీస్ లాంటి హ్యాండ్‌హెల్డ్‌లు ఉన్నాయి. ధర బరువే, కంపెనీ కొనిపెట్టాల్సిన సరుకు.

యూఎస్‌బీ స్కోపులు మధ్యరకం. హాంటెక్ 6022బీఈకి రెండు ఛానెళ్లు, 20 మెగాహెర్ట్జ్, సెకనుకు 48 మెగాశాంపిళ్లు. ఇంట్లో టేబుల్ మీద ఎన్‌కోడర్ పరీక్షించడానికి బాగానే పనికొస్తుంది. షాప్‌ఫ్లోర్‌లో ల్యాప్‌టాప్, వైర్లు, ఆయిల్ చేతులు, ఇంకా పైన చెప్పిన ల్యాప్‌టాప్ గ్రౌండ్ గొడవ కలిసి విసుగు తెప్పిస్తాయి.

మరి ఎవరు ఏది కొనాలి

ఆర్డినో, ఈసీ11 నాబ్‌లతో ప్రాజెక్టులు చేసే విద్యార్థులకు లాజిక్ ఎనలైజర్ చాలు. నాబ్‌లో కాంటాక్ట్ బౌన్స్ (కాంటాక్టులు కలిసేటప్పుడు ఎగిరెగిరి పడడం) కొన్ని మిల్లీసెకన్ల దాకా ఉంటుంది, అది ఎనలైజర్‌లోనే స్పష్టంగా కనిపిస్తుంది. విడిగా కొన్న ఈసీ11కి పుల్-అప్ పెట్టడం మర్చిపోవద్దు, కేవై-040 మాడ్యూల్ మీద ఏ, బీలకు 10 కిలో ఓమ్స్ ముందే ఉంటాయి. నాబ్ ఒక క్లిక్కుకు రెండు అంకెలు దూకుతోందని ఫిర్యాదైతే 10 కిలో ఓమ్స్, 10 నానోఫారడ్లు కలిపి ఫిల్టర్ పెట్టి ముందూ వెనకా రికార్డు చేసి చూడండి.

పీణ్య, బొమ్మసంద్రలాంటి చోట సీఎన్‌సీలు చూసుకునేవాళ్లు, లిఫ్టు సర్వీసు చేసేవాళ్లు ముందు ఎనలైజర్ కొనండి, ఆ తర్వాత రెండు ఛానెళ్ల బెంచ్ స్కోపుకు పోండి. రెంటిలో ఒకటే అంటే స్కోప్. కానీ ఎనలైజర్ ఖర్చు స్కోపు ఖర్చులో చిల్లర కింద లెక్క, దాన్ని మిగుల్చుకోవడంలో అర్థం లేదు. కంపెనీ డబ్బులైతే నాలుగు ఛానెళ్లది అడగండి, మొహమాటపడకండి.

సెకండ్‌హ్యాండ్ స్కోప్ చూడాలంటే పీణ్య నుంచి గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి చిక్‌పేటలోనో కేఆర్ మార్కెట్లోనో దిగితే ఎస్‌పీ రోడ్డు దగ్గరే. కౌంటర్ మీదే ఆన్ చేయించి, ముందు ప్యానెల్ మీది ఒక కిలోహెర్ట్జ్ టెస్ట్ సిగ్నల్‌ను ప్రతి ఛానెల్‌కూ విడివిడిగా ఇచ్చి చూడండి. ప్రోబ్ ట్రిమ్మర్ తిప్పితే చదునైన చతురస్రం రావాలి. అన్ని నాబ్‌లూ మెల్లగా ఒక్కో క్లిక్కు తిప్పండి. అవి కూడా రోటరీ ఎన్‌కోడర్లే, అరిగిపోయి ఉంటే టైమ్‌బేస్ ముందుకు తిప్పితే వెనక్కి పోతుంది. ఎన్‌కోడర్ టెస్ట్ చేసే స్కోపుకే ఎన్‌కోడర్ పాడైతే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఇది బేరానికి మంచి పాయింటు కూడా, ఎందుకంటే మార్చడం పెద్ద కష్టం కాదు.

మిగిలిన డబ్బులో కొంత కనెక్టర్లకు పెట్టండి. కేబుల్ ఇన్సులేషన్‌కు సూది గుచ్చి సిగ్నల్ చూడటం మనవాళ్లలో బాగా అలవాటు. కూలెంట్ తడి ఆ రంధ్రంలోంచే లోపలికి పోతుంది. డ్రైవ్ వైపు ఉన్న కనెక్టర్ రకానికి ఒక మగ, ఒక ఆడ కొని, మధ్యలో జానెడు వైర్లు వేసి, ప్రతి పిన్నుకూ ప్రోబ్ తగిలించేలా చిన్న లూపు బయటికి తీసి పెట్టుకోండి. డ్రైవ్ మాన్యువల్ చూసి ఏ, ఏ-బార్, బీ, బీ-బార్, జెడ్, 5 వోల్టులు, 0 వోల్టులు అని ఒక్కో లూపుకు ట్యాగు కట్టండి. మెషీన్ ఆఫ్ చేసి ఇది మధ్యలో దూర్చి మళ్లీ ఆన్ చేస్తే ఎన్‌కోడర్, డ్రైవ్ రెండూ కలిసి ఉండగానే, లోడు మీదే సిగ్నల్ కనిపిస్తుంది.